లేదనని కొట్టు

బస్సు గతుకులో పడినప్పుడల్లా హజరత్తయ్య చేతులు రెండూ వాటంతటవే గాలిలోకి లేస్తున్నాయి. ఒడిలో ఉన్నది లాంతరు గ్లాసు. గ్లాసు చుట్టూ వరిగడ్డి, గడ్డి చుట్టూ పాత పేపరు, పేపరు చుట్టూ తన కండువా. ఎన్ని చుట్టినా లోపలున్నది గాజే కదా, గాజుకు కండువా పరువు తెలుస్తుందా, తారురోడ్డు మర్యాద తెలుస్తుందా. నెల్లూరు నుంచి ముత్తుకూరుకు పొద్దున్నే పోయే మొదటి బస్సు ఇది. గంట ప్రయాణం, పోర్టు లారీలు అడ్డం పడితే గంటన్నర. నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి నలభై ఒక్క ఏళ్ళు కూర్చున్న కొట్టు తాళం చెవి బిల్డింగు ఓనరు కొడుకు వినోద్ చేతిలో పెట్టేసిన మనిషి, ఇవాళ పొద్దున్నే ఆ కొట్టుకే సరుకు మోసుకుపోతున్నాడు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పడం దాకా ఎందుకు, రాత్రి నెల్లూరులో కూతురు బిందు నవ్వనే నవ్వింది, అల్లుడు మర్యాదకొద్దీ టీవీ వైపు తిరిగి నవ్వాడు. "లేని కొట్టుకి సరుకేంది నాయనా" అంది బిందు. లేని కొట్టు! ఎంత సులువుగా వచ్చింది దాని నోటికి ఆ మాట. చిన్నప్పుడు ఆ కొట్టు గల్లాపెట్టె మీద కూర్చుని బెల్లం ముక్క చప్పరించిన పిల్లే. ఆ మాట తన నోటికి రాకనే కదా ఇంత తిప్పలు.

ఆ మాటను తన నోట్లోంచి తీసేసింది మామ పెంచలయ్య. పిల్లనిచ్చిన మామ, కొట్టునిచ్చిన మామ. ముత్తుకూరు బజారులో ఆయన పెట్టిన కొట్టుకు బోర్డు లేదు, పేరు లేదు. తాళ్ళు, మేకులు, వల దారం, గాలాలు, లాంతర్లు, స్టవ్వు పిన్నులు, ఎలకబోన్లు, బావి గిలకలు, ఇంకా మనిషి చెయ్యాడాలంటే ఏమేం కావాలో అవన్నీ ఉండేవి. అల్లుడు కొట్టులో కూర్చున్న మొదటి రోజున మామ చెప్పింది ఒక్కటే. "ఇదో అబ్బయ్యా, కొట్లో కూర్చున్నోడి నోట్లో లేదు అనే మాట ఉండకూడదు. బోణీ ఏళ అసలే ఉండకూడదు. నువ్వు లేదంటే లచ్చిమి ఇంటాది. ఓహో, ఈడ లేదంట అని పక్క కొట్టుకు పోతాది." మరి సరుకు నిజంగానే లేకపోతే? "రేపు రమ్మను. రమ్మన్నాక రేపటికి తెచ్చిపెట్టు. తేలేనోడివి రమ్మనబాక." ఇందులో వింతేముంది, ఇంట్లో ఆడవాళ్ళు చేసేదీ అదే కదా, బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు, దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. ఆడవాళ్ళు వంటింట్లో నడిపే రివాజును మామ బజారుకు తెచ్చాడు, అంతే. అప్పటినుంచీ సాయంత్రమైతే భార్య వెంకటశేషమ్మను కొట్టులో కూర్చోబెట్టి హజరత్తయ్య నెల్లూరు బస్సెక్కేవాడు. ఒక్క గిలక కోసం వెళ్ళాడు, ఒక్క స్టవ్వు బర్నరు కోసం వెళ్ళాడు, చిన్నబజారు అంతా తిరిగి ఆఖరి బస్సుకు వచ్చేవాడు. "గిలక కొనడానికి పోయినావా, గిలక మాదిరి తిరగడానికి పోయినావా" అని శేషమ్మ సణిగేది. సణుగుతూనే అన్నం పెట్టేది. మర్నాడు పొద్దున మనిషి వచ్చి, చెప్పినట్టే గిలక అక్కడుండటం చూసి, ఏమీ అనకుండా తీసుకుపోయేవాడు. ఆ ఏమీ అనకపోవడం ఉందే, దాని రుచి హజరత్తయ్యకు తెలుసు.

"పెద్దాయనా, ఆ మోచెయ్యి రవ్వంత లోపలికి పెట్టుకోరాదా" అంది పక్క సీటామె. ఆమెది తప్పు లేదు. హజరత్తయ్య చేతులు మనిషికి ఉండాల్సినదానికన్నా జానెడు పొడుగు. పెళ్ళిచూపుల్లో మామ చూసింది వరుణ్ణి కాదు, ఈ చేతుల్ని. తాడు కొలిచేది బారల్లో కదా, రెండు చేతులూ చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బార. "పొడుగు చేతులోడు అల్లుడైతే బారకి మూరెడు ఎక్కువ పోతాది, కొట్టు మునుగుతాది" అన్నాడట మామ. "కొట్టుకు చేసుకుంటాండామా, పిల్లకు చేసుకుంటాండామా" అని అత్త గసిరితే గానీ తాంబూలాలు కదల్లేదట. ఎంతటి వ్యాపారస్తుడైనా ఒక్కచోట పప్పులో కాలేస్తాడు. హజరత్తయ్య బార పొడుగు అనే మాట సముద్రం ఒడ్డున జాలరి పాళెం నుంచి పాళేనికి పాకిపోయింది. పడవలవాళ్ళు దారిలో మూడు కొట్లు దాటుకుని వచ్చి, వేరెవరైనా తాడు పట్టుకుంటే "నువ్వు కాదబ్బా, హజరత్తన్న వెయ్యాల బార" అని కూర్చునేవాళ్ళు. మామ ఒక ఏడాది మూతి ముడుచుకుని, రెండో ఏడు నుంచి తనే "మా అల్లుడి బార" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. కొబ్బరితాడు, తరువాత నైలాను తాడు, ఎన్ని వేల బారలు ఈ ఛాతీ మీదుగా సముద్రంలోకి పోయాయో. ఇప్పటికీ చొక్కా కింద ఆ గరుకు తగులుతున్నట్టే ఉంటుంది. పేరేమో అమ్మ కసుమూరు దర్గాలో మొక్కుకుంటే వచ్చింది, చేతులేమో సేద్యగాడైన నాన్నవి, కొట్టేమో మామది. తన సొంతమని చెప్పుకోడానికి ఉన్నదల్లా రేపు అనే ఆ ఒక్క మాట. మోచేతులు దగ్గరికి ముడుచుకుని గ్లాసును ఇంకాస్త పొట్టకు హత్తుకున్నాడు.

వినోద్ వాళ్ళు బజారులో తెరిచిన మార్టులో బారలు ఉండవు. తాడును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన బొమ్మ అతికించి, కొక్కేనికి తగిలిస్తారు. మార్టు తెరిచిన కొత్తలో శేషమ్మ పోరు పడలేక ఒక సాయంత్రం వెళ్ళాడు. నిజం చెప్పొద్దూ, బాగుంది. కాళ్ళకింద చల్లగా ఉంది, ఎవరూ గద్దించరు, ఏ వస్తువైనా చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఎండలో వచ్చినవాళ్ళు అక్కడికి పోక తన కొట్టుకెందుకొస్తారు, తన కొట్టులో ఫ్యాను కూడా మామ కాలంనాటిది, గాలి కన్నా శబ్దం ఎక్కువ. కౌంటరు దగ్గర కూర్చున్న పిల్ల సుభాషిణి, పాళెంలో పడవ ఉన్న సుబ్బు మనవరాలే. ముందున్న ఆమె సూదుల పాకెట్టు ఇస్తే ఆ పిల్ల మిషను మీద కుయ్యిమనిపించి చేతిలో పెట్టేసింది. బయట వీధి దీపాలు వెలిగాయి అప్పటికే! దీపాలు పెట్టాక సూది అమ్మకూడదు, కొనేవాళ్ళకీ తెలుసు కాబట్టి అడిగేవాళ్ళు కాదు. హజరత్తయ్య ఉండబట్టలేక "మూడు బారల తాడు కావాలమ్మా" అన్నాడు. "బార ఏ కంపెనీది అంకుల్?" అంది సుభాషిణి. ఆ పిల్ల తాత పడవకు కట్టిన తాళ్ళన్నీ ఈ చేతులతో కొలిచినవే. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, నవ్వే ముందొచ్చింది. తరువాత కంప్యూటరులో చూసి "స్టాక్ లేదు అంకుల్" అంది, ఎంతో తియ్యగా. లేదు అంది. హజరత్తయ్య తలెత్తి దీపాల వైపు చూశాడు. ఒక్కటీ కొండెక్కలేదు. లక్ష్మి ఎక్కడికీ పోలేదు, ఇంకో నలుగురు లోపలికొచ్చారు. ఆ రాత్రి అన్నం సయించలేదు, శేషమ్మ పులుసులో ఉప్పెక్కువైందేమో అనుకుంది.

ఇక నిన్నటి సంగతి. ఎంత వద్దనుకున్నా బుద్ధి అక్కడికే పోయి నిలబడుతోంది. నిన్న ఏడింటికే షట్టరు ఎత్తాడు. సరుకంతా వారం ముందే ఒక కావలి వ్యాపారి ఎత్తుకుపోయాడు, మిగిలింది స్టూలు, గల్లాపెట్టె, నాలుగు తాడు చుట్టలు, ఎవరూ కొనని ఒక ఎలకబోను. అయినా ఊడ్చి, నీళ్ళు చల్లి, ఊదువత్తి వెలిగించి కూర్చున్నాడు. బోణీ కాకుండా కొట్టు కట్టకూడదు, అది మామ కూడా చెప్పలేదు, ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి. ఆఖరు రోజు, ఒక్క మనిషైనా రాకపోతాడా అనుకున్నాడు. రాలేదు. వరసలో మిగతా ఐదు కొట్లకూ షట్టర్లు దింపి కూల్చడానికి గుర్తుగా ఎర్ర పెయింటుతో అంకెలు వేసేశారు, ఇదీ మూతపడిందనే అనుకుని ఉంటారు జనం. పక్క కొట్టులో నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన జకరయ్య, ఇప్పుడు రోడ్డుకు అవతల గొడుగు కింద కూర్చుని సెల్‌ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నాడు. ఎనిమిదిన్నరకు శేషమ్మ ఫోను చేసింది. ఏ రోజూ తప్పదు, పొద్దున ఎనిమిదిన్నరైతే చాలు, "బోణీ అయిందా?" అంటుంది, అంతే, ఇంకో మాట ఉండదు. సెల్లు రాకముందు మధ్యాహ్నం క్యారియరు తెచ్చినప్పుడు గడపలోనే అడిగేది. నిన్న "ఊఁ" అన్నాడు. పెళ్ళాంతో ఆ ఒక్క విషయంలో అబద్ధమాడటం అదే మొదలు.

తొమ్మిదింటికి షేరాటో దిగి కామమ్మ వచ్చింది. పట్టపుపాళెం కామమ్మ, డెబ్బై ఐదు దాటిన మనిషి, ఇంకా తెల్లారకముందే ఒడ్డున చేపలు వేలంలో పాడుకుని ఊళ్ళలో అమ్ముకుంటుంది. బుట్ట దించకుండానే "లాంతరు గ్లాసు పగిలిందబ్బయ్యా, ఒకటియ్యి" అంది. ఇంకా లాంతరేంది కామమ్మక్కా, అందరూ సెల్లు లైట్లతో చూసుకుంటుంటే, అన్నాడు. "ఆ తెల్ల లైటు కింద చచ్చి మూణ్ణాళ్ళయిన చేప గూడా నవ్వతాది. లాంతరు ఎలుగులో అయితే దాని మొగం దానిదే" అంది కామమ్మ. అప్పుడు జరిగింది. బోణీ వేళ, ఎదురుగా బేరం, వెనక ఖాళీ అలమర. నోరు తన పని తాను చేసుకుపోయింది. "రేపు రా కామమ్మక్కా, తెచ్చిపెడతా." ఆమె "సరేబ్బయ్యా" అని అదే ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగాక గానీ తనేమన్నాడో తనకు వినబడలేదు. అవతలి నుంచి జకరయ్య పగలబడి నవ్వాడు. "ఏందన్నా, దయ్యాలకి గోడ మీద రాసినట్టు రేపు రా అంటివే! రేపు ఈడేముంటాదని?" ఆ తరువాత ముఖం చూసినట్టున్నాడు, నవ్వు ఆపి రోడ్డు దాటి వచ్చాడు. "ఆటోలో పాళెం పోయి చెప్పేసిరా. అరగంట పని." నిజమే, అరగంట పని. పోయి ఏమని చెప్పాలి? తిరిగి తిరిగి ఆ ఒక్క మాట దగ్గరికే వస్తుంది. పన్నెండింటికి వినోద్ వచ్చి, తాళం తీసుకుని, పాపం మంచి పిల్లవాడు, "మీకు మా మార్టులో ఎప్పుడూ టెన్ పర్సెంట్ తక్కువ అంకుల్" అన్నాడు. హజరత్తయ్య అట్నుంచి అటే నెల్లూరు బస్సెక్కాడు.

చిన్నబజారులో ఎనిమిది కొట్లు తిరిగాడు. ఒకప్పుడు ఆ వీధిలో ఎవరి ముందు నిలబడినా "రా హజరత్తా, ముత్తుకూరు ఎట్టుండాది" అనేవాళ్ళు, ఇప్పుడు కొడుకులు కూర్చున్నారు, కొన్నిచోట్ల కొట్లే బట్టల షోరూములై కూర్చున్నాయి. లాంతరు గ్లాసా, అని ఒకడు పక్కవాడికి చెప్పి నవ్వాడు. లేదు, లేదు, ఇప్పుడెవరు వాడతారు, లేదు. ఒక్క మధ్యాహ్నంలో అన్ని లేదులు విన్న మనిషి ఇంకొకడు ఉండడు. ఆఖరికి సందు చివర రంగనాయకులు కొట్టు ఉందో ఊడిందో అని పోతే, ఉంది, ఆయనా ఉన్నాడు, ఎనభై దాటి వంగిపోయి. గ్లాసు అనగానే ఉందనలేదు, లేదనలేదు, "కూర్చో" అన్నాడు. ఆ ఒక్క మాటకు హజరత్తయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఈయనకూ ఎవరో మామ ఉండి ఉంటాడు. నిచ్చెన వేసుకుని అటక మీద గంటసేపు వెతికారు ఇద్దరూ, వయసులు కలిపితే నూట యాభైకి దగ్గరపడే ఇద్దరు ముసలాళ్ళు, తుమ్ముకుంటూ, ఒకరినొకరు పడిపోబాక పడిపోబాక అని హెచ్చరించుకుంటూ. దొరికింది. "ఇదే ఆఖరిది" అంటూ ధోవతి అంచుతో దుమ్ము తుడిచి, గడ్డి పేర్చి పొట్లం కట్టింది రంగనాయకులే. "ఎవురికి?" అని అడిగాడు. "రేపు రమ్మని చెప్పినా ఒకామెకి" అంటే ఇంకేమీ అడగలేదు. ఊళ్ళో ఇంత అర్థం చేసుకునే మనిషి ఇంకొకడు మిగిలి ఉన్నందుకు హజరత్తయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము అని సర్దుకున్నాడు.

కీచుమని బ్రేకు. ఎదురుగా బొగ్గు లారీ అడ్డం తిరిగింది. నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలారు, ఎవరి టిఫిను డబ్బానో దొర్లింది, హజరత్తయ్య ముందు సీటు కమ్మీకి భుజం కొట్టుకున్నాడు. కాళ్ళ దగ్గర, ఒడి దగ్గర, ఎక్కడో టంగుమని ఒక చప్పుడు. విప్పి చూడొచ్చు. కండువా ముడి మీద వేళ్ళు పెట్టి, తీసేశాడు. పగిలి ఉంటే ఇప్పుడే తెలిసి చేసేదేముంది, మిగిలిన దారంతా పగిలిన గ్లాసు మోసుకుంటూ పోవాలి. ఇంకొకరైతే ఇంత హైరానా పడడు. కానీ అడిగింది కామమ్మ. ఇంకెవరైనా అయితే పోనీలే అనుకునేవాడేమో, కామమ్మకు మాత్రం తన రేపు తప్పకూడదు.

ముప్పై ఏళ్ళ కిందటి గాలివాన అది. కామమ్మ మొగుడు మాల్యాద్రి, ఇంకో ముగ్గురు, పడవతో సహా కనబడకుండా పోయారు. అంతకు రెండు రోజుల ముందే మాల్యాద్రి కొట్టుకు వచ్చి పద్నాలుగు బారల తాడు వేయించుకుపోయాడు. వాన తెరిపిచ్చిన పొద్దున కామమ్మ వచ్చి కొట్టు మెట్టు మీద కూర్చుంది. ఒడ్డున కూర్చోలేదు, గుడి దగ్గర కూర్చోలేదు, ఇక్కడికొచ్చింది. "నీ తాడే గదబ్బయ్యా పట్టుకోనుండేది. ఎప్పుడొస్తాడు?" అనడిగింది, తాడు అమ్మినవాడికి ఆ కొస ఎక్కడుందో తెలుస్తుందన్నట్టు. హజరత్తయ్యకు ముప్పై ఆరేళ్ళు అప్పుడు, నోటికి అలవాటైన మాటే వచ్చింది. "రేపొస్తాడక్కా." మర్నాడు వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది. మళ్ళీ "రేపొస్తాడక్కా" అన్నాడు. ఆ రోజు కొట్టు కట్టేశాక మామ చెయ్యెత్తినంత పనిచేశాడు. "తేలేనోడివి రమ్మనబాక అని చెప్పినానా లేదా? ఆ మడిసిని నువ్వు తేగలవంట్రా?" అని. తేలేడు. మూడో రోజు ఎండ నెత్తికెక్కే వేళకు మాల్యాద్రి నడిచొచ్చాడు. పడవ విరిగి దక్షిణానికి కొట్టుకుపోయి పులికాటు పక్క ఒడ్డెక్కారట, విరిగిన కొయ్యకు నలుగురూ ఆ తాడుతోనే కట్టుకుని బతికారట, అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. బజారంతా గుమిగూడింది. కామమ్మ ఏడవలేదు, మొక్కలేదు, హజరత్తయ్య వైపు చూసి, "చెప్పినాడుగా, రేపని" అంది, అంతే, మొగుణ్ణి వెంటబెట్టుకుని పోయింది. తరువాత మాల్యాద్రి పాతికేళ్ళు బతికి, పడక మీద పోయాడు. తను తెచ్చినవాడు కాదు మాల్యాద్రి, తాడూ సముద్రమూ కలిసి తెచ్చాయి. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా కామమ్మ వినేది కాదు. సూది కావాలన్నా, బకెట్టు కావాలన్నా పాళెం నుంచి ఇక్కడికే, మార్టు వాకిలి ముందు నుంచే నడిచి.

బస్సు కదిలింది. కండక్టరు ముత్తుకూరు ముత్తుకూరు అని అరుస్తున్నాడు, పోర్టు డ్యూటీవాళ్ళు లేచి నిలబడ్డారు. ఏమని చెప్పాలి. కామమ్మక్కా, కొట్టు తీసేసినాము. అది సగం మాట. ఇక మీద మార్టుకి పోక్కా. ఛీ, అది తనన్న మాటలా ఉండదు. ఇదిగో గ్లాసు, అని చేతిలో పెట్టి పారిపోవాలి, అరవై ఆరేళ్ళ వయసులో. కొట్టు పోయినందుకు కాదు బాధ. ఏముందా కొట్టులో, చీకటి, ఉక్క, ఎలకలు, ఎలకల కొట్టులో ఎలకబోనే అమ్ముడుపోకపోవడం. మోకాళ్ళు నిలబడనివ్వడం లేదు, శేషమ్మ ఎప్పటినుంచో ఇంటిపట్టున ఉండమంటోంది. కానీ ఏదో ఒక పొద్దున ఒక మనిషి నమ్మకంగా వచ్చి ఆ షట్టరు ముందు నిలబడితే, అబ్బయ్యా అంటే, లోపలి నుంచి ఊఁ అనేవాళ్ళు ఉండరు. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. పక్క సీటామె చూడనట్టు కిటికీ వైపు తిరిగింది, మంచిది.

సెంటర్లో దిగేసరికి ఎనిమిదీ ఇరవై. రోడ్డు దాటకముందే కనిపించింది. మూసిన షట్టరుకు వీపు ఆనించి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, కామమ్మ ఆ మెట్టు మీదే కూర్చుని ఉంది. తల మీద ఎర్ర పెయింటుతో ఆరు అంకె. అవతల జకరయ్య గొడుగు తెరుస్తూ చెయ్యి ఊపాడు.

"ఆలీసమైందక్కా, లారీలు అడ్డంబడినాయి."

"కానీలే. నేనూ ఇప్పుడే వస్తి."

హజరత్తయ్య పక్కనే కూలబడి పొట్లం ఆమెకే ఇచ్చాడు, తను విప్పలేక. కండువా తీసింది, పేపరు తీసింది, గడ్డి దులిపింది. తను మాత్రం తన చేతిసంచిలో బిందు పెట్టిన ఇడ్లీల స్టీలు డబ్బా వైపు చూస్తున్నాడు, దాని మూత ఊడి పక్కకు పడి ఉంది, బస్సులో టంగుమన్నది అదీ! కామమ్మ గ్లాసును ఎత్తి ఆకాశంలోకి చూసింది, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. ఎక్కడా చిన్న గీటు లేదు. "నికరమైన గ్లాసబ్బయ్యా" అంది. రొంటినుంచి నోటు తీసి చేతిలో పెట్టింది, బుట్టలోంచి ఆకు పొట్లం తీసి దాని మీద పెట్టింది. "నాలుగు కానాగంతలు. శేషమ్మకియ్యి, ఇప్పుడు దిగిన చేప." రెంటినీ కళ్ళకద్దుకున్నాడు హజరత్తయ్య, చేతులకున్న అలవాటు అది, బోణీ ఎప్పుడూ కళ్ళకద్దుకునే తీసుకుంటాడు.

అప్పుడడిగింది కామమ్మ, లేవబోతూ. "వత్తి గూడా కాలిపోవస్తా ఉండాది. ఉందా?"

నోరు అప్పుడే తెరుచుకుంది, నాలుక రే దగ్గరికి పోయింది. మూసిన షట్టరు వీపుకు చల్లగా తగిలింది. ఈమెతో అబద్ధమాడలేడు. ఇంకెవరితోనైనా ఆడగలడేమో, ఈమెతో కాదు.

"లేదు కామమ్మక్కా" అన్నాడు. "ఇంక లేదు."

అనేశాడు. ఏమీ కాలేదు. రోడ్డు మీద కంపెనీ బస్సు పోయింది, జకరయ్య కుర్చీ సర్దుకున్నాడు. లక్ష్మి వినే ఉంటుంది, విననీ, ఇన్నేళ్ళు ఉన్నది చాలు.

కామమ్మ అతని ముఖం వైపు చూసి, చెయ్యి చాచి భుజం మీద వేసింది. "తెలుసులేబ్బయ్యా. మొన్ననే ఆటోవోడు చెప్పినాడు, రేప్పొద్దుటితో ఆఖరని. ఏదో ఒకటి నీ చేత కొనాలని నిన్న వస్తి. నువ్వేమో రేపు రా అంటివి. నీ మాట కాదని ఎట్టుండేది?"

హజరత్తయ్య ఆమె చేతిలోని గ్లాసు వైపు చూశాడు. "అక్కా, గ్లాసు నిజంగా పగిలిందా?"

"పగలకుండా పోతాదా, గాజేగా" అంది కామమ్మ, బోసినోరంతా నవ్వుతూ. గ్లాసును గడ్డిలో దాచి, బుట్ట నెత్తికెత్తుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్టు దిగింది. ఆటో ఎక్కేదాకా చూశాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తనకే తెలియలేదు, రెండూ ఉన్నాయి.

జేబులో ఫోను మోగింది. ఎనిమిదిన్నర.

"బోణీ అయిందా?" అంది శేషమ్మ, అన్ని రోజుల్లాగే. కొట్టు నిన్ననే అయిపోయిందని అడిగేశాక గుర్తొచ్చినట్టుంది.

"అయిందే" అన్నాడు హజరత్తయ్య. "కొట్టు కట్టేసి వస్తాండా."